కాటాకి ఆనలేదు

ఆఫీసు కంప్యూటర్ని పాత ఇనుములో వేసేస్తున్నారు.
"కిలో లెక్కన నువ్వే తీసుకోరాదా" అన్నాడు మేనేజరు.
చీమకుర్తి ఎండలో, రాళ్ళ లారీలు తూచే కాటా మీద
ఆ ఒక్క డబ్బానీ పెట్టి
కేబిన్లోకొచ్చి చూశాను.
సున్నా.
నలభై టన్నులు మోసే ఇనప పలక
ఇరవై కిలోల లోపు దేన్నీ లెక్కచెయ్యదు.
"పన్నెండు రాసుకో" అన్నాడాయన.
పదకొండన్నాను.
మూడొందల ముప్పైకి తెగింది.

స్కూటీ వెనక సలోమి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.
మూలలు గుచ్చుకుంటున్నా ఏమీ అనలేదు,
పెదాలు మాత్రం కదుపుతోంది:
అర్జీకి ఇరవై, బయోడేటాకి యాభై,
పెళ్ళికార్డు మేటరైతే నూట యాభై.

మూత విప్పితే లోపల ఇంకో క్వారీ.
ఫ్యాను రెక్కలు కనపడవు,
ముగ్గు డబ్బా బోర్లించినట్టు రాతిపిండి.
సైకిల్ పంపు తెచ్చి కొట్టాను.
మా అన్న రూబేను గడపలో కూర్చుని
"కొట్టరా, ఇంకా కొట్టు, మూలల్లో ఉంది" అన్నాడు.
దగ్గాడు.
దగ్గు ఆగాక మళ్ళీ, "మూలల్లో."
రంపం దగ్గర పదేళ్ళు, పాలిష్ దగ్గర పన్నెండు.
ఒంగోలు పెద్దాసుపత్రిలో వాడి ఫిలిం వెలుతురుకెత్తి
డాక్టరు కూడా మూలల్నే చూపించాడు.

కర్నూలు రోడ్డులో, మేడ మీద, ఖాశింవలి కొట్టు.
"నాలుగు వేలుంది. ఏది ముందు?"
కంసాలి పాత గొలుసు చూసినట్టు చూశాడు బోర్డుని.
"ప్రాసెసర్ జోలికి పోమాక, టైపింగుకి అదే ఎక్కువ.
డిస్కు పోయే కాలమొచ్చింది, ఎస్సెస్‌డీ చిన్నది వెయ్యి.
ర్యామ్ వాడింది ఇస్తా, నెల గ్యారంటీ, నోటిమాటే.
పవర్ సప్లై మాత్రం కొత్తది కొను, అన్నా,
అక్కడ కక్కుర్తి పడితే అన్నీ మాడతాయి."
పదకొండొందలు, ఆరొందలు, తొమ్మిదొందలు,
అంచున గీత పడ్డ మానిటరు పన్నెండొందలు,
పేస్టు అరవై.
నూట నలభై మిగిలింది.
"గడియారం సెల్లు చచ్చిపోయింది, ముప్పై" అన్నాడు.
రూపాయి బిళ్ళంత ఉంది.
రూబేను దగ్గు మందు నూట పదిహేను.
సెల్లు ఈసారికి వద్దులే అన్నాను.

రాత్రి తొమ్మిదికి అన్నీ బిగించి స్విచ్చి వేస్తే
మూడు కూతలు. తెర నల్లగానే ఉంది.
తీశాను, పెట్టాను. మూడు కూతలు.
ఫోన్లో ఖాశింవలి అన్నం తింటూ చెప్పాడు:
"ర్యామ్ పళ్ళు రబ్బరుతో తుడువు."
పిల్లదాని జామెట్రీ బాక్సులో సగం అరిగిన రబ్బరు దొరికింది.
నేను రుద్దుతుంటే రూబేను చెయ్యి చాపాడు.
"ఇటియ్. అది నా పని."
ఆకుపచ్చ పట్టీని బల్బు కింద వాలుగా పట్టుకున్నాడు,
అంచునంతా సన్నటి బంగారు గీతలు.
"ఒత్తితే మెరుపు రాదు. ఒకే దిక్కుకి పోవాలి."
ఎన్ని ఇళ్ళ గచ్చులకి పోయుంటాయో
వాడు నునుపు చేసిన నల్లరాళ్ళు,
వాటిలోనూ ఇట్టాగే చుక్కలు.
మా ఇంట్లో ఉన్నది సిమెంటు నేల.
ఊదబోయి ఆగాడు. ఊపిరి చాలక కాదంట,
తడి తగులుతుందని.
పిల్లదానితో చొక్కా అంచు పట్టించి తుడిపించాడు.

ఒకే కూత.
తెర వెలిగింది.
సలోమి ఏడవలేదు, నవ్వలేదు,
కుర్చీ లాక్కుని ఎత్తు సరిపోక
బియ్యం బస్తా మడిచి వేసుకుంది.

మొదటి బేరం, బోరు బావి అర్జీ.
పక్క జిరాక్సు కొట్లో ప్రింటు తీసిస్తే
ముసలాయన చూడకుండానే సంతకం పెట్టాడు.
తేదీ చూసి సలోమి వీధి చివరిదాకా పరిగెత్తింది:
ఒకటి, జనవరి, రెండువేల పదకొండు.
కాగితం దండగ.

సెల్లు కొంటాను, ఆదివారం.
పోయిన ఆదివారమూ అదే అన్నాను.
పొద్దున్నే రూబేను స్విచ్చి వేసి
తెర మూలనున్న సంవత్సరం పైకి చదువుతాడు.
"పదకొండులోనా? అప్పుడు నేను
పది గంటలు నిలబడేవాణ్ణి" అని మొదలుపెట్టి
సలోమి వచ్చి తేదీ మార్చేదాకా
చెబుతూనే ఉంటాడు.