ఆఖరి సంతకం

లారమీలో గాలికి సెలవుల్లేవు.
నేలమాళిగలో నా కొట్టు.
కిటికీ సరిగ్గా బూటు మడమల ఎత్తు.
ఇరవై ఆరేళ్లుగా రసాయనశాస్త్ర శాఖను
మోకాళ్ల కిందినుంచే చూస్తున్నాను.

పైన లోర్నా ప్రెవిట్ బల్ల మీద నియమావళి,
ముప్పై ఒక్క పేజీలు, నీలం అట్ట.
చేరాలంటే మార్కుల పట్టీ, మూడు సిఫారసు ఉత్తరాలు,
ఎందుకొస్తున్నావో రెండు పేజీల్లో.
ఎందుకో ఎవరికి తెలుసు?
అందరూ చిన్నప్పుడు వంటసోడాలో వెనిగర్ పోసినవాళ్లేనట,
లోర్నా చెబుతుంది.
చేరిన వారమే నాలుగు పరీక్షలు.
ఆపైన నెలకొకటి, మొదటి శనివారం పొద్దున తొమ్మిదికి,
దేని మీదో ముందు చెప్పరు.
పదింట్లో ఐదు గట్టెక్కాలి.
ఎక్కనివాళ్లకి ఒక మాస్టర్స్ పట్టా, ఒక కరచాలనం.

నాకైతే పగిలినవాటిని బట్టి తెలుస్తుంది.
మొదటి ఏడువాళ్లు బీకరు పగలగొట్టి దొంగల్లా వస్తారు.
మూడో ఏడువాళ్లు వాక్యూమ్ లైను విరగ్గొట్టి
దొరల్లా వస్తారు.
ఐదో ఏడువాళ్లు ఏమీ పగలగొట్టరు,
ఊరికే వచ్చి మంట దగ్గర చేతులు కాచుకుంటారు,
థీసిస్ ఎంతవరకు వచ్చిందని
అడగకూడదు.

ఇరవై తొమ్మిదో పేజీ అడుగున ఒక చిన్న పేరా:
వెళ్లిపోయేవాళ్లు తాళాలిచ్చి, పుస్తకాలిచ్చి,
గాజు బాకీ లేదని సంతకం తెచ్చుకోవాలి.
అన్నిటికన్నా కిందిగీత నాది.

మార్చి మొదటి గురువారం మైతే ఎచెవెరీ వచ్చింది.
బఫలో పక్కన గొర్రెలు కాసే బాస్కుల ఇంటి పిల్ల.
తొమ్మిది రాసింది, నాలుగు దాటింది.
పదోది ఎల్లుండి. రాయనంది.
కాగితం నా ముందు పరిచి
పెన్ను మూత కూడా తీసి ఇచ్చింది.

పద్దు తిరగేశాను. మూడు మూతుల ఫ్లాస్కు ఒకటి బాకీ.
ఎంతో చెప్పండి, కట్టేస్తానంది.
డబ్బు తీసుకోను, చేసివ్వు, అన్నాను.
అబద్ధం.
ఇన్నేళ్లూ డబ్బే తీసుకున్నాను.

ఊదారంగు కళ్లద్దాలు ఇచ్చాను.
మొదటి గొట్టం కరిగి నాలుకలా వేలాడింది.
రెండోది ఉబ్బి పేలింది.
తిప్పుతూ ఉండు, రెండు చేతులదీ ఒకటే వేగం,
గాజు ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడే ఊదు.
"గొర్రెకి కాన్పు చేసేటప్పుడూ ఇంతే,"
అంది మంటలోంచి కళ్లు తిప్పకుండా,
"మనం తొందరపడితే పిల్ల దక్కదు."
ఆ మాట నాకు ఎవరూ నేర్పలేదు.

శుక్రవారం చీకటిపడేసరికి ఫ్లాస్కు తయారైంది.
ఒక మూతి మెల్లకన్ను.
ధ్రువకాల పెట్టెలో పెట్టి దీపం వేశాను.
మామూలు వెలుగులో కనపడని ఒత్తిడి
అతుకు దగ్గర పసుపుగా, నీలంగా భగ్గుమంది.
చాలాసేపు చూసింది.
"ఇది ఇలాగే వదిలేస్తే?"
ఎప్పుడో ఒకరాత్రి, ఎవరూ ముట్టుకోకుండానే పగులుతుంది.
"మరి?"
కొలిమిలో ఐదువందల అరవై డిగ్రీల దాకా పోయి
మెల్లగా, చాలా మెల్లగా దిగాలి.
రేపు పదింటిదాకా తలుపు తియ్యకూడదు.
"అంటే నా కాగితం?"
ఫ్లాస్కు చూశాకే.

తొమ్మిదికి పరీక్ష అని నేననలేదు.
తనూ అనలేదు.
కాలిన బొటనవేలికి పట్టీ చుట్టుకుంటూ
ఒక నవ్వు నవ్వి మెట్లెక్కింది.

శనివారం తొమ్మిదికి పది నిమిషాల ముందు
కిటికీలో బూట్లు, వరసగా.
ఒక జత మడమలకి ఎండిన బురద.
ఆమెవేనా? ఈ ఊళ్లో బురద అందరిదీ.

పదింటికి తలుపు తీశాను.
పగల్లేదు. మెల్లకన్నుతో నన్నే చూస్తోంది.
కాగితం ఇంకా నా సొరుగులో ఉంది,
మూత తీసిన పెన్ను దాని పక్కనే ఎండిపోయింది.

మంచిపనే చేశానా, తెలీదు.
నిరుడు గ్రేడీ అని ఒక కుర్రాడు ఇదే కాగితం తెచ్చాడు.
అర నిమిషంలో సంతకం పెట్టేశాను.
అతని ముఖం గుర్తులేదు.
బూట్లు మాత్రం గోధుమరంగువి,
ఎడమదాని తాడు ఊడి ఉంది.