డికాషను లెక్క

చిత్తూరు బస్టాండుకు ఎదురుగా నా టీ బంకు.
ఇరవై ఎనిమిదేండ్లుగా ఆయమ్మకు
పాలు లేని టీ పోస్తా ఉండా.
పేరు మొగిలీశ్వరి, ఊరు బంగారుపాళెం పక్కన.
మొదటి దినం "పాలొద్దు" అంటే
"షుగరామ్మా?" అని అడిగినా.
"లేదు, జ్ఞాపకం" అనింది.

అంతకుముందు పాలకేంద్రంలో టెస్టరు.
తెల్లారి నాలుగున్నరకు లాక్టోమీటరు ముంచి
ఎవరు నీళ్ళు కలిపినారో
ముఖం చూడకనే చెప్పేదంట.

ఒక కార్తీకంలో వాళ్ళింటి జెర్సీ ఆవు ఈనింది. కోడెదూడ.
కోడెకు పాలు దండగ.
తొమ్మిదో దినానికి చచ్చింది.
ఆవు చేపడం మానేసింది.
నాయన తోలు వొలిపించి, వరిగడ్డి కూరి,
ఉప్పునీళ్ళు చల్లి
నాలుగు కట్టెలమీద నిలబెట్టినాడు.
ఆవు దాన్ని నాకింది.
నాకతా నాకతా చేపింది.

ఆ పాలు క్యానులో ఆయమ్మ ముందరికే వచ్చినాయి.
ఫ్యాటు నాలుగు పాయింటు రెండు అని రాసి
పెన్నుకు మూత పెట్టి లేచింది.
మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

పోరాటమంటే ఏమనుకున్నారో.
టైరు చెప్పులు, పాత టీవీఎస్సు,
పెట్రోలుకు నా దగ్గర చేబదులు.
సోమవారం సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ.
జాతరనాడు మేకపోతుకు బదులు గుమ్మడికాయ
పట్టుకొని నిలబడితే
నోటికొచ్చినట్ల తిట్టింది మా అమ్మే.
తల్లి తద్దినానికి నెయ్యి వద్దు, నువ్వులనూనె చాలంటే
అయ్యవారు పంచె దులుపుకొని లేచిపోయినాడు.
తమ్ముడు ఈ దినానికీ మాట్లాడడు.

ఒక రాత్రి కర్ణాటక సరిహద్దు కాడ లారీ ఆపింది.
లోపల ఎనుములు,
పడుకోకుండా కండ్లలో మిరప్పొడి.
అంతలోనే కర్రలు పట్టుకొని పిల్లోళ్ళు దిగినారు,
ఆవులనుకొని.
డ్రైవరును కిందికి లాగితే
ఆయమ్మ పోయి మధ్యన నిలబడింది.
"ఆవు లారీ అయితే లేచొస్తారు,
ఎనుము లారీ అయితే గుర్రుపెడతారు.
మీది ప్రేమ కాదురా, చేతుల తీట."
ఆ దెబ్బకు ఎడమ మణికట్టు ఇప్పటికీ వంకరే.
డ్రైవరు మస్తాను
ఏడాదికొక మూట చెనిక్కాయలు
ఆయమ్మ గడప ముందర దించిపోతాడు.
లారీ పని మాత్రం మానలేదు.

ఆ చెనిక్కాయలు నానబెట్టి, రుబ్బి, పిండి
ఒకసారి నేనూ పాలు చేసినా.
డికాషను తగలంగానే విరిగిపోయినాయి.
అయినా గ్లాసు చేతికిచ్చినా.
మొత్తం తాగి, మూతి తుడుచుకొని,
"దామోదరా, ఇది తాగాలంటే
నా మాదిరి మొండిదై ఉండాల" అనింది.
ఆ దినం బంకు కాడ అందరం నవ్వినాం.
ఆయమ్మ నవ్వితే పక్కపన్ను లేని సందు కనబడతాది.
అదెట్ల పోయిందో నేనడగలేదు.

మొన్న పొద్దుపోక లెక్క వేసినా.
దినానికి రెండు టీలు, ఇరవై ఎనిమిదేండ్లు.
ఆయమ్మ వద్దన్న పాలు
ఎంత లేదన్నా వెయ్యి లీటర్లు తేలినాయి.
"యాడికి పోయినాయబ్బా అవన్నీ?" అనింది.
దాచేదేముంది, చెప్పేసినా:
"పక్కోళ్ళ గ్లాసుల్లో పోసి అమ్మినా."
చానాసేపు గ్లాసు అడుగు చూస్తా కూర్చునింది.
నాకే గొంతు ఎండిపోయింది.
"మరి నీ బిడ్డల ఫీజులు కట్టాల గదా" అని
చిల్లర బల్లమీద పెట్టి లేచింది.
అంతకంటే తిట్టినా బాగుండు.

నేను మారినానని చెప్పను.
ఈ పొద్దు కూడా
అయిదు గంటలకు క్యాను దించుకొని, గిన్నె పొయ్యిమీద పెట్టినా.
పాలు అంచుకు లేచొచ్చేటప్పుడు
మంట తగ్గించేది నా చెయ్యికి తెలుసు,
నేను చెప్పబన్లేదు.
ఎందుకో వరిగడ్డి వాసన వచ్చినట్లయింది.
చుట్టూ చూసినా.
బస్టాండులో కుప్పం బస్సు తప్ప ఇంకేం లేదు.

తిరిగి చూసేసరికి
పొంగిపోయి, పొయ్యి ఆరిపోయుండాది.