చీకట్లో బ్రోమిన్

డిసెంబరులో మా ఊరికి సూర్యుడు చుట్టపుచూపుగా వస్తాడు.
పదకొండింటికి గడపలో నిలబడి
రెండింటికల్లా వెళ్ళిపోతాడు
కోటు కూడా విప్పకుండా.
గడ్డకట్టిన బోత్నియా ఒడ్డున
పల్ప్ మిల్లు ఒక్కటే పగలూ రాత్రీ ఆవిరి కక్కుతూ ఉండేది.

ఇర్యా కెల్లోకుంపు టీచరు, తొమ్మిదో తరగతి.
రెండు ఫ్లాస్కుల్లో హెక్సేన్ పోసి
చెరో మూడు చుక్కలు బ్రోమిన్ వేసింది.
తుప్పు నీళ్ళ రంగు.
ఒకటి కిటికీలో పెట్టింది.
రెండోదానికి నల్ల కాగితం చుట్టి బీరువాలో దాచింది.
"ఒకే గదిలో ఉన్నంత మాత్రాన
కాపురం చేస్తున్నట్టు కాదు" అంది.
మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

కిటికీలోది నాలుగో రోజుకి వెలిసిపోయింది.
మూత తీస్తే తెల్లటి పొగ,
తడి లిట్మస్ కాగితం నాలుకలా ఎర్రబడింది.
వెలుగు ఒక జంటను విడదీస్తుందట.
విడిపోయిన పరమాణువు చేతిలో ఒంటరి ఎలక్ట్రాన్,
అది పక్కవాడి హైడ్రోజన్ లాక్కుంటుంది,
దోపిడీ అయినవాడు ఇంకో జంట మీద పడతాడు,
లోటు చేతులు మారుతూ పోతుంది
తీరదు.

"ఫ్లోరిన్‌కి వెలుగు అక్కర్లేదు, చూస్తే చాలు పేలుతుంది.
అయోడిన్‌ని బతిమాలినా కదలదు.
క్లోరిన్ వేరు,
కోపమూ ఉంది, పనీ వచ్చు."
ఆమె ఆ మాట అంటున్నప్పుడు
క్లాసులో సగం మంది మా నాన్నల గురించి ఆలోచించాం.

మా నాన్న ఓయివా బ్లీచింగ్ టవర్‌లో పనిచేసేవాడు.
చొక్కా చేతుల మీద చిన్న చిన్న చిల్లులు,
అమ్మ కుట్టడం మానేసి చాలాకాలమైంది.
గోధుమరంగు గుజ్జు లోపలికి వెళ్ళి
మంచులా బయటికొచ్చేది.
చెట్టుని చెట్టుగా నిలబెట్టే లిగ్నిన్,
దాని ఉంగరాల మీద క్లోరిన్ వెళ్ళి కూచునేది
ఒక్కొక్క హైడ్రోజన్‌నీ లేపి, ఆ కుర్చీలో తను.
ఉంగరం విరగదు. పేరు మారుతుంది అంతే.
కొత్త పేరుతో అది ఎటు పోతుందో
ఆ ఏడు పాఠంలో లేదు.

ఫిబ్రవరిలో నాన్న మంచుకి కన్నం వేసి
మాదె చేపలు పట్టేవాడు.
వాటి కాలేయం ఆయనకి ప్రాణం,
వెన్నలా ఉంటుంది, ఎవరికీ మిగిల్చేవాడు కాదు.
ఆ ఏడు కోసి, అరచేతిలో పెట్టుకుని, కాసేపు చూసి
తిరిగి కన్నంలోకే జారవిడిచాడు.
ఎందుకు నాన్నా?
ఉలుకూ లేదు పలుకూ లేదు.
దగ్గు ఒకటి.

మే ఆఖరున, బడి మూసేముందు
బీరువాలో ఫ్లాస్కు గుర్తొచ్చింది.
నల్ల కాగితం విప్పాం.
అదే తుప్పు రంగు.
ఐదు నెలలు ఒకే సీసాలో
ఒకదాన్నొకటి తాకుతూ, ఏమీ జరక్కుండా.
నాకెందుకో మా వంటగది గుర్తొచ్చింది.

ఆ రాత్రి ముగ్గురం ఉండిపోయాం టీచరుతో.
పదిన్నరకి కూడా కిటికీ నిండా ఎండ,
అడ్డంగా, పసుపుగా, సిగ్గులేకుండా.
నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన నాన్న
టోపీ చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే ఆగాడు.
ఫ్లాస్కుని చూశాడు.
ఎంతసేపు చూశాడో,
"టవర్ కింద ఒక గొట్టం ఉంది" అన్నాడు
ఎవరితోనో తెలీదు.
"అది రికార్డుల్లో ఉండదు.
ఆదివారం రాత్రుళ్ళు వాల్వు తిప్పేది నేనే."

తర్వాత ఆగలేదు.
ఒక మాట ఇంకో మాటని లాగింది,
పదకొండేళ్ళు, ఏ నెలలో ఎంత,
చచ్చి తేలిన చేపల్ని తెల్లారేలోపు ఏరినవాళ్ళ పేర్లు,
తన పేరు ముందు.
కిటికీలో రంగు పలచబడుతోంది.
దాన్ని చూడ్డం మేం మర్చిపోయాం.

ఇర్యా టీచరు సొరుగు లాగి
కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది.
రాయి, అంది.
మా మిల్లు కాగితమే.
ఎంత తెల్లగా ఉందంటే
మొదటి అక్షరం వెయ్యడానికి
చాలాసేపు చెయ్యి రాలేదు.