పేక

మదామ్ వగనే తాళంచెవి తిప్పింది.
పాత దుస్తుల గది ఒక్కసారి దగ్గింది.
కొక్కేలకు వేలాడుతున్నారు తలల్లేని రాణులు:
జరీ బరువుకు భుజాలు జారిన మఖ్మల్ గౌన్లు,
పక్కకి తిరిగితే తప్ప గుమ్మం పట్టని తుంటి చట్రాలు,
వెండి బకిల్సు ఎవరో ఊడబీక్కుపోయిన
ఎత్తు మడమల జోళ్ళు.
ఒక గౌనును చేతుల మీదికి తీసుకున్నాను.
నిద్రపోయిన పిల్లంత బరువు.

"వీటితో ఎలా ఆడారమ్మా?"

"ఎక్కడాడారు, నడిచారు.
నడిస్తేనే చప్పట్లు కొట్టే రోజులవి.
కత్తిరించు."

జరీ ఒక పక్కకి, కరిగించడానికి.
అస్తరు మసిగుడ్డలకి.
నీలిమీద పసుపు దానిమ్మ మొగ్గల అంచు దగ్గర
కత్తెర ఆగింది.
ఆ మొగ్గ నాకు తెలుసు.
మా తాత మగ్గం మీద విచ్చింది.

ఇప్పుడంతా మస్లిన్.
ఎనిమిది పొరలేసినా వెనకున్న కొవ్వొత్తి కనబడుతుంది.
గంజి పెట్టి, తడి ఆరకముందే
వేళ్ళు దూర్చి ఉబ్బించాలి.
అంచు పిక్కల సగానికి.
అంగుళం పైకెళ్తే పోలీసు కమిషనరుకి కోపం,
అంగుళం దిగితే
ముందు వరస పెద్దమనుషులకి.
పైకి మబ్బుతునక, లోపల తిమింగలపు ఎముకలు.
యులాలీ స్తంభం పట్టుకుని నిలబడుతుంది,
నేను వెనక తాడు లాగుతాను.
"ఇంకా" అంటుంది. "ఇంకా, పెర్నెట్."
ఊపిరి ఎక్కడ దాచుకుంటుందో.

తెరపక్కన బల్తజార్, చేతుల్లో తడి కంబళి.
నూనె దీపాల వరస మస్లిన్‌కి జానెడు దూరం.
రెండేళ్ళ కింద ఒకసారి ఆ కంబళి అక్కరకొచ్చింది,
ఆలస్యంగా.
ఆ పిల్ల పేరు గదిలో ఎవరూ ఎత్తరు.
ఆమె కొక్కేనికి ఇంకేదీ తగిలించరు.

కొండమీద మా ఇల్లు.
లియోఁ నేతగాళ్ళు మగ్గాన్ని
దాని చప్పుడుతోనే పిలుస్తారు: బిస్తాన్‌క్లాక్.
మా మూడు బిస్తాన్‌క్లాక్‌లలో
ఒకటి పొయ్యిలోకి పోయింది.
ఒకదాని మీద సాలీడు పని చేస్తోంది, కూలి అడగదు.
మూడోదాని మీద తెల్ల శాటిన్.
"జోళ్ళకా?" అన్నాడు నాన్న, బేరం కుదిరిన రోజు.
"రాజుల గోడలకి నేసిన చేతులివి. జోళ్ళకా?"
అని, పడుగు సరిచేసుకున్నాడు.

మదామ్ ఇచ్చిన ఉచిత టికెట్టు మీద తీసుకొచ్చాను.
అందరికన్నా పైన, అటకెక్కించిన సామాన్లలా కూర్చున్నాం.
ఆదివారపు కోటు. గుండీలన్నీ పెట్టుకున్నాడు.
అట్టచెట్ల మధ్య చందమామ లేచింది.
యులాలీ వేలికొసల మీద నిలబడింది,
ఒక్క క్షణమే,
హాలంతా గాలి పీల్చుకోవడం మరిచిపోయింది.
నాన్న కమ్మీ మీదుగా ముందుకి వంగాడు.

దారంతా మాట్లాడలేదు.
మెట్లు మొదలయ్యాక అడిగాను,
ఎగిరింది చూశావా, అని.

"బొటనవేలి దగ్గర చిరిగింది.
మూడో గెంతుకి."

జేబులోంచి నిన్నటి జోడు తీసిచ్చాను.
ఒక్క రాత్రికే ఆయుష్షు తీరినవి.
దీపం కిందకి పట్టి, లోపలిది బయటికి తిరగేసి,
గోటితో పోగులు లెక్కపెట్టాడు.
నా రఫూ దగ్గర వేలాగింది.
"నువ్వేనా?"
"నేనే."
"కుట్లు దగ్గరగానే పడ్డాయి."
ఇరవై మూడేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇది రెండోసారి.

"రేపూ గెంతుతుందా?"
"శనివారం దాకా."

కోటు విప్పలేదు. మగ్గం మీదికి దీపం జరిపాడు.
"అయితే పేక ఇంకాస్త దట్టించి కొడతాను."

అర్ధరాత్రి కింది వాటా ఆవిడ
చీపురుకర్రతో కప్పు పొడిచింది.
ఆయన ఆపలేదు.