ముహర్రఖ్ బెలూన్

రాత్రి రెండున్నర.
గాలి తడి తువ్వాల లెక్క మెడకు సుట్టుకుంటది.
బెలూన్ మూతి బిగిచ్చి కట్టుడు నా పని,
పైకి పోయినంక అది జెప్పేది సదువుడు
నజీబ్ సారుది.

ముప్పై నాలుగు, అంటడు.
పావుగంటకు సున్నా.
గంట దాటెటాల్లకు మైనస్ డెబ్బై ఐదు,
మబ్బులు గూడ ఎక్కని మెట్టు.

గా పైన మల్ల ఎచ్చగైతదట.
నమ్మలే.
తెర మీద గీత జూపిండు:
కొడవలి లెక్క ఎనుకకు మర్లింది.

పగిలే ముందు మా రూమంత ఉబ్బుతదట,
ఎనిమిది మంచాల రూము.
గంత చీకట్ల
గంత జాగ,
ఒక్కదానికే.

చేతులు దులుపుకున్న.
బెలూన్ పౌడరు పోతలేదు.
కంపెనీ బస్సు ఆరింటికి.
అందాక గీ కింది మెట్టు మీదనే,
ముప్పై నాలుగుల,
నిలబడ్డ.