అరవై ఐదేళ్ళకు మళ్ళీ తట్టు

(ఫారో దీవులు, 1846)

ఓడ దిగిన పీపాల మేస్త్రి
ముక్కు తుడుచుకుంటూ ఊళ్ళోకి నడిచాడు, అంతే.
రెండు వారాలకి
గడ్డి కప్పుల కింద ఊరు ఊరంతా ఎర్రగా పేలింది.
తిమింగలాల మంద వచ్చిందని కేకేసినా
పడవ దింపడానికి ఒక్క మగాడు లేవలేదు.

లేచింది సున్వా.
డెబ్భై ఏళ్ళది,
మనవల పేర్లు తారుమారు చేసేది,
అల్లిన మేజోడు విప్పి మళ్ళీ అదే అల్లేది,
పాల తపేలా పట్టుకుని గడప గడపా తిరుగుతోంది.
నీకంటదా అవ్వా అంటే
"గాలికెండిన గొర్రె తొడను నేను,
ఏ పురుగు కొరుకుతుంది నన్ను?"

అందుకు కాదు సున్వా.
నీ చెవి వెనక జరిగింది, నీకు తెలియంది
చెప్తాను విను.

ఐదేళ్ళప్పుడు
అక్క బిరీతతో ఒకే ఉన్ని దుప్పట్లో పడుకున్నావు.
ఆ రాత్రి గొంతులో కాపలా తిరిగే కణం ఒకటి
పరాయిదాన్ని మింగి, నమిలి,
దాని తునక ఒకటి ఒంటికి గుచ్చుకుని
మెడ దగ్గర గ్రంథి దాకా మోసుకెళ్ళింది.
అక్కడ లక్షల కణాలు.
ఒక్కోదానికీ పుట్టుకతో ఒక్కటే పట్టు,
చీట్లు తీసి పంచినట్టు వచ్చింది,
దేనికోసమో దానికే తెలీదు.
చూపించింది. కాదు.
ఇంకోదానికి చూపించింది. కాదు.
కాదు. కాదు.
మూడో నాడో, నాలుగో నాడో
ఎందుకూ కొరగాని వంకర చేతిది ఒకటి
తాకింది, ఆగింది,
ఇక వదల్లేదు.
అది రెండయింది, వెయ్యయింది.
మీ అమ్మ వేలితో తడిమి
"బిళ్ళ కట్టింది" అంది.

బిరీతకీ కట్టింది బిళ్ళ.
ఆమెకి ఒక్క రోజు ఆలస్యమైందో ఏమో,
ఎవరు చూశారు.
దుప్పటి నీ ఒక్కదానికే మిగిలింది.

పనయ్యాక ఆ గుంపు దాదాపు అంతా రాలిపోయింది.
కొన్ని మాత్రం ఎముకల మూలుగలో దూరి
ఆ ఒక్క ఆకారానికే సరిపోయే కొక్కేలు
చేస్తూ కూచున్నాయి,
ఏ పడవా రాని రేవులో
దీపానికి నూనె పోస్తున్నట్టు.
ఇద్దరు మొగుళ్ళు పోయారు, పళ్ళు పోయాయి,
అక్క మొహమూ పోయింది నీకు.
జుట్టు ఏ రంగంటే చెప్పలేవు.
ఆమెని చంపినదాని మొహం మాత్రం
ఒక్క గీత చెరక్కుండా ఉంది లోపల.

ఏడో ఇంట్లో పాప మూతి తుడిచి,
చెవి వెనక వేలు పెట్టి చూసి,
"కట్టిందిలే" అన్నావు.
ఎందుకన్నావో నీకూ తెలీదు.
బయటికొస్తే గాలి.
సగం పాలు చెప్పుల మీద ఒలికాయి.