పాఠశాల పేరు

ఒంటిగంటకు షట్టర్ దించాలి.
పన్నెండూ యాభైకి వచ్చిందామె
చున్నీ అంచుతో మెడ తుడుచుకుంటూ.
వెనక ఓ పిల్ల, చేతిలో ప్లాస్టిక్ ఫైలు,
ఫైల్లో పాత రిపోర్టు కార్డులు
ఉక్కకు ఒకదానికొకటి అతుక్కుపోయి.

సొహార్‌లో, చేపల మార్కెట్టుకు వెళ్లే దారిలో,
మా సనద్ ఆఫీసులో
పన్నెండేళ్లుగా ఇతరుల పేర్లు టైపు చేస్తున్నాను.
వీసా రెన్యువల్, కారు ముల్కియా, అద్దె ఒప్పందం.
ఒకాయన ఒంటెకు కూడా ఓసారి కాగితం పుట్టించాను.
ఆన్‌లైన్ క్లాసులకు దరఖాస్తులు మాత్రం
ఈ మధ్యే మొదలయ్యాయి.

"తొమ్మిదో తరగతి ఫిజిక్సు, లెక్కలు.
ఈ రెండే నాతోని అయితలేవు సార్.
మిగతావన్నీ ఇంట్ల నేనే చెప్తున్న."

ఫారంలో రెండు గడులు:
ప్రైవేటు బడి. ఇంటి చదువు.
రెండో దాంట్లో టిక్కు పెట్టాను.
పెట్టగానే దాని కింద ఇంకో గడి తెరుచుకుంది
తలుపు వెనక తలుపులా.
పాఠశాల పేరు.
పక్కన ఎర్రచుక్క. ఖాళీగా వదిలితే ముందుకు పోదు.

"ఏమని కొట్టాలి?"
ఆమె పిల్ల వైపు చూసింది. పిల్ల ఏసీ వైపు చూసింది.
ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గిన సంగతి,
ఫీజు బాకీల సంగతి
నేను అడగలేదు. కార్డుల మీద తేదీలు
ఫిబ్రవరి దగ్గర ఆగిపోయి ఉన్నాయి.
"ఇల్లు అని రాయుండ్రి" అంది.
కొట్టాను. గడి ఒప్పుకోలేదు,
కనీసం ఎనిమిది అక్షరాలు కావాలట.
"అయితే మా బిల్డింగు పేరు పెట్టుండ్రి, ఫ్లాటు నంబరు గూడ."

అలా, మిట్టమధ్యాహ్నం పన్నెండూ యాభై ఎనిమిదికి
ఒకే గది, ఒకే విద్యార్థిని, ఫ్రిజ్ తలుపే నల్లబల్లగా
ఒక బడి పుట్టింది.
ప్రారంభోత్సవానికి నేనొక్కణ్ణే.

"ప్రధానోపాధ్యాయుల సంతకం" అని చదివాను.
పెన్ను అడిగి తీసుకుంది.
పుణ్యవతి అని, తెలుగులో,
చూచిరాత పెట్టేవాళ్లు రాసినట్టు నిదానంగా,
'ణ్య' కింద తోక కొంచెం పొడుగ్గా లాగి.
"ముద్ర కావాల్నా?"
కావాలి. ఇక్కడ ముద్ర లేని కాగితం అడుగు వేయదు.
రబ్బరు ముద్ర మేమే చేయిస్తాం, మూడు రియాళ్లు.
పర్సు జిప్పు సగం తీసి మళ్లీ మూసింది.
"వచ్చే నెల జేయించుకుంట. ఇప్పటికైతే నడుస్తదా?"
నడుస్తుందో లేదో నాకూ తెలీదు. పంపించాను.
ఐదొందల బైసాలు తీసుకున్నాను. రసీదు అడిగింది.
ఎవరి పేరున అని అడగబోయి
బడి పేరునే రాసిచ్చాను.

రెండు వారాల తర్వాత ఓ ఆదివారం సాయంత్రం
హెడ్‌ఫోన్సు పాడైతే
మావాడు కౌండిన్య క్లాసు బయటికే పెట్టుకు కూర్చున్నాడు.
వాడిది మొదటి గడి. ఫీజు కడుతున్న ప్రైవేటు బడి,
ఫిజిక్సు మాస్టారు వెళ్లిపోయాక ఇంకొకరు రాని బడి.
వాళ్లే చెప్పారు, ఆన్‌లైన్‌లో చేర్పించుకోండని.
నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను.
స్క్రీన్ మీద ముప్పై చిన్న కిటికీలు.
ఎవరు ఏ గడిలోంచి వచ్చారో
ఏ ముఖం మీదా రాసి లేదు.

ఏ దేశపు మాస్టారో, హాజరు పిలుస్తున్నారు.
"రోకిష్ణ?"
చప్పుడు లేదు.
"రోకిష్ణ ఉన్నారా?"

చింతపండు చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.
షట్టర్ దించే తొందరలో
ఒక హెచ్ నా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.
పన్నెండేళ్లలో ఎన్ని జారాయో.
ఆ ఒంటె ఇప్పుడు ఏ పేరుతో తిరుగుతోందో.

మైకు తెరుచుకుంది.
వెనక కుక్కరు కూత, ఒక ఆడగొంతు
"చెప్పు, చెప్పు" అని గుసగుస.
"రోచిష్ణ, సార్. చి.
చిలకలో చి."

ఏ చిలకో ఆయనకేం తెలుసు.
అయినా "చి" అని ఒకసారి పలికి చూసుకున్నారు.
"ఏ స్కూలు?"

ఆ పిల్ల బిల్డింగు పేరు చెప్పింది,
ఫ్లాటు నంబరుతో సహా,
ఒక్క అక్షరం పొల్లుపోకుండా.